మన మొహల్లా రోడ్లు : నిన్నటి చరిత్ర, నేటి కర్తవ్యం



మనిషి గడప దాటి మొదటి అడుగు వేసేది రోడ్డు మీదనే. ఫజర్ నమాజుకు పోయే ముసలాయన, బడికి పోయే పిల్లవాడు, దుకాణం తెరవడానికి పోయే వ్యాపారి, నొప్పులతో ఆసుపత్రికి పోయే ఆడకూతురు, చివరకు నలుగురి భుజాల మీద సాగే జనాజా, అందరికీ దారి ఆ ఒక్క గల్లీయే. అందుచేత రోడ్డు సంగతి చిన్న సంగతి కాదు. దారిలో అడ్డంగా పడివున్న ముల్లునో రాయినో తొలగించడం కూడా ఈమాన్ శాఖలలో ఒకటి అని హదీసులు చెప్పుచున్నవి. ఇరాక్ దేశములో ఒక కంచరగాడిద కాలు జారి పడినా, దారి ఎందుకు చదును చేయలేదని అల్లాహ్ తనను ప్రశ్నిస్తాడేమోనని ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి.) భయపడేవారన్నది మనలో పెద్దలందరికీ తెలిసిన విషయమే.

ప్రతి ఏడాదీ మన సంఘ సమావేశాలలో "మా గల్లీకి రోడ్డు వేయించండి" అన్న మాట వినబడుతూనే ఉన్నది. రోడ్డు పడుతూనే ఉన్నది, పాడవుతూనే ఉన్నది. అయినా వాన వస్తే నీళ్లు ఇంట్లోకే వస్తున్నవి. ఇట్లా ఎందుకు జరుగుతున్నదో తెలియాలంటే మన హైదరాబాదు నగరపు రోడ్ల చరిత్రను కొంచెం వెనుకకు తిరిగి చూడవలెను. ఆ చరిత్ర చెప్పే పాఠం ఒక్కటే: రోడ్డు అంటే పైన కనబడే నల్లటి పూత కాదు, తెల్లటి పలక కాదు. అడుగున గట్టి పునాది, పక్కన మోరీ, నడుమ వాలు, ఈ మూడూ కుదిరితేనే అది రోడ్డు. ఈ వరుస తప్పిన చోట ఎంత డబ్బు పోసినా నీళ్లపాలే.

నగరం పుట్టిన నాటి బాటలు

1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినారు కట్టించి నగరానికి నాంది పలికినప్పుడు, చార్మినారు నాలుగు కమానుల నుండి నాలుగు దిక్కులకు నాలుగు పెద్ద వీధులు సాగేటట్లు ఏర్పాటు జరిగినది. ఈ ఆలోచన ఆనాటి పేష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీ గారిదని చెప్తారు. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే వర్తకుల బాట ఈ ఊరి మీదుగానే సాగేది. అంతకు ముందే, 1578లో, ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో మూసీ మీద పురానా పూల్ తయారైనది. అంటే మన నగరానికి ఇళ్ల కంటే ముందు వంతెన, దర్బారు కంటే ముందు దారి వచ్చినదన్న మాట.

17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఆ వంతెనను పారిస్ నగరంలోని పేరుమోసిన వంతెనతో పోల్చి మెచ్చుకున్నాడు. వీధులు విశాలంగా, తీర్చిదిద్దినట్లు ఉన్నవన్నాడు. కాని ఒక్క లోపం ఎత్తిచూపాడు. వీధులకు రాతి పరుపు లేదు, ఇసుక, దుమ్ము ఎక్కువ, వేసవిలో చాలా ఇబ్బంది అని. పర్షియాలోనూ, హిందూస్థానంలోని తక్కిన పట్టణాలలోనూ ఇదే తీరని కూడా అతడే చెప్పాడు. నగరపు నక్షా గొప్పదే గాని నేల మాత్రం మట్టిదే. సుమారు మూడు వందల ఏళ్లు మన పెద్దలు ఆ దుమ్ములోనే నడిచారు. భిస్తీలు తోలు మషకులతో నీళ్లు చల్లితే దుమ్ము అణిగేది, ఎండ ఎక్కగానే మళ్లీ లేచేది.

బల్దియా పుట్టుక

మనం రోజూ అనే "బల్దియా" అన్న మాటకు మూలం అరబ్బీలోని "బలద్", అనగా పట్టణము. "మొహల్లా" అంటే మనుషులు దిగి స్థిరపడిన చోటు. పట్టణం బాగోగులు చూసేది బల్దియా, మొహల్లా బాగోగులు చూసుకోవలసింది అక్కడ దిగిన మనము.

దివాను మొదటి సాలార్ జంగ్ 1869లో నగరానికి మునిసిపల్ వ్యవస్థ ఏర్పాటు చేశారు. నగరాన్ని నాలుగు భాగాలుగా, శివార్లను ఐదు భాగాలుగా విభజించారు. అప్పటి నగరం వైశాల్యం సుమారు 55 చదరపు కిలోమీటర్లు, జనం సుమారు మూడున్నర లక్షలు. మునిసిపల్ పనులన్నీ కొత్వాలు చేతి కింద నడిచేవి. 1886లో చాదర్‌ఘాట్ వేరే మునిసిపాలిటీ అయినది. 1933లో అది మళ్లీ హైదరాబాదులో కలిసి, నగరానికి కార్పొరేషన్ హోదా వచ్చినది. 1942లో ఆ హోదా పోయినది, 1950 చట్టంతో మరల వచ్చినది. 1960లో హైదరాబాదు, సికింద్రాబాదు కార్పొరేషన్లు ఒకటైనవి. 2007 ఏప్రిల్‌లో చుట్టుపక్కల 12 మునిసిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిపి గ్రేటర్ హైదరాబాదు ఏర్పడినది. 55 చదరపు కిలోమీటర్ల బల్దియా 600 దాటింది. ఇంత పెద్ద ఊళ్లో ఒక చిన్న గల్లీ గోడు వినిపించాలంటే గల్లీవాళ్లు మునుపటి కంటే గట్టిగా, తెలివిగా మాట్లాడవలసి యున్నది.

1908 వరద నేర్పిన పాఠం

మన నగర చరిత్రలో మరువరానిది 1908 సెప్టెంబరు 28వ తేదీ. ఆ రోజు మూసీ పొంగి సుమారు 15,000 మంది ప్రాణాలు తీసుకున్నదని అంచనా. వేల ఇళ్లు కూలిపోయినవి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు. ఆ చెట్టు ఈనాటికీ ఉన్నది.

ఆ వినాశం తరువాత 1909లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించినది. ఆయనకు అప్పగించిన పనులు మూడు. నగర పునర్నిర్మాణానికి సలహా ఇవ్వడం, ముందు ముందు వరద రాకుండా ఏర్పాటు చెప్పడం, హైదరాబాదుకూ చాదర్‌ఘాట్‌కూ పూర్తి డ్రైనేజీ పథకం తయారు చేయడం. పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఇళ్లు, నది, మోరీ, ఈ మూడింటినీ ఒకే మనిషి, ఒకే నక్షా మీద చూశాడు. మూసీ పరీవాహక ప్రాంతంలో ఉన్న 788 చెరువులలో 221 తెగిపోవడం వల్ల వరద అంత భీకరమైనదని ఆయన లెక్క తేల్చారు. ఆ సలహా మీదనే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయినవి.

ఇంతలో 1911లో ప్లేగు వచ్చి, గాలీ వెలుతురూ లేని ఇరుకు గల్లీల ప్రమాదాన్ని అందరికీ తెలియజేసినది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిన కొత్తలోనే, 1912లో, సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు స్థాపించారు. ఉర్దూలో దానిని "ఆరాయిష్-ఎ-బల్దా" అనేవారు. ఆరాయిష్ అంటే అలంకారము, బల్దా అంటే నగరము. ఇరుకు వాడలను తీసివేయడం, రోడ్లు వెడల్పు చేయడం, మోరీలు వేయడం, బీదలకు ఇళ్లు కట్టడం దాని పని. పత్థర్‌గట్టీ రాతి కట్టడాలు, దాని నడుమ వెడల్పు వీధి ఆ బోర్డు చేసినవే. మల్లేపల్లి, నాంపల్లి, మొఘల్‌పురా, సుల్తాన్ షాహీ, మలక్‌పేట వంటి చోట్ల వరుస ఇళ్లు కూడా ఆ బోర్డు కట్టినవే.

ఉన్నది ఉన్నట్లు చెప్పాలి గనుక ఇదీ చెప్పుకుందాం. ఆ పనులలో ఎందరో బీదల గుడిసెలు పోయినవి, వారిని అడిగిన వారు లేరు. అది రాజుల కాలము. ఓటు లేదు, అర్జీ మాత్రమే ఉన్నది. పెద్ద వీధులకు జరిగిన మర్యాద వెనుక గల్లీలకు జరగలేదు. కనుక పాత కాలమంతా బంగారమని నేను అనడం లేదు. పని వరుస మాత్రం బంగారమే. ముందు నీళ్ల దారి, తరువాత మనుషుల దారి. అంతా ఒక్క చేతి మీదుగా.

సిమెంటు రోడ్లు ఎందుకు నిలిచినవి?

1920ల చివరి నుండి 1930ల దాకా నగరంలోని ముఖ్య వీధులకు సిమెంటు కాంక్రీటు వేశారు. అప్పటి నిజాం రాజ్యంలోనే, గుల్బర్గా జిల్లా షాబాద్‌లో, సిమెంటు ఫ్యాక్టరీ ఉండడం కలిసి వచ్చినది. టావెర్నియే చెప్పిన దుమ్ముకు అప్పుడు జవాబు దొరికినది. ఆ రోడ్లు దశాబ్దాల తరబడి నిలిచినవని పెద్దవాళ్లు చెప్పుకొనేవారు.

"ఆనాటి సిమెంటులో ఏదో మహిమ ఉన్నది" అని కొందరు అంటారు. మహిమ సిమెంటులో లేదు, పద్ధతిలో ఉన్నది. ఆధునిక రోడ్లకు ఆద్యుడుగా చెప్పబడే స్కాట్లండు దేశస్థుడు జాన్ మెకాడం (1756-1836) రెండు వందల ఏళ్ల క్రితమే ఈ కీలకం చెప్పాడు. రోడ్డు బరువును నిజంగా మోసేది అడుగున ఉన్న నేల. ఆ నేల పొడిగా ఉన్నంత వరకు ఎంత బరువైనా మోస్తుంది, తడిసిందంటే కుంగుతుంది. అందుకే రోడ్డును చుట్టుపక్కల నేల కంటే ఎత్తుగా ఉంచి, నీళ్లు పక్కకు జారేటట్లు చేసి, చిన్న కంకర రాళ్లు గట్టిగా కూర్చాలన్నాడు. ఒక్కో రాయి ఆరు ఔన్సుల బరువు, అనగా సుమారు 170 గ్రాములు, మించకూడదని అతని నియమం.

ఆనాటికీ ఈనాటికీ బరువులలో కూడా తేడా ఉన్నది. అప్పుడు టాంగాలు, ఎద్దుబండ్లు, కొద్దిపాటి మోటార్లు. ఇప్పుడు పది అడుగుల గల్లీలోకి కూడా నీళ్ల ట్యాంకరు, ఇసుక లారీ వస్తున్నవి. అమెరికాలో 1958 నుండి 1960 వరకు పెద్ద ఎత్తున జరిగిన ఒక రోడ్డు పరీక్షలో తేలిన విషయం ఏమంటే, ఇరుసు మీద బరువు రెండింతలైతే రోడ్డుకు జరిగే నష్టం రెండింతలు కాదు, సుమారు పదహారు ఇంతలు. కాబట్టి ఆనాటి కంటే ఈనాడు అడుగు పునాది మరింత గట్టిగా ఉండాలి. మనకు జరుగుతున్నది తద్విరుద్ధం. పునాది జోలికి పోకుండా పైపూత మాత్రం పూస్తున్నారు.

ఒక చేతి పని పది చేతుల పాలైన విధము

1960లో హౌసింగ్ బోర్డు ఏర్పడి ఆరాయిష్-ఎ-బల్దా పనులు అందులో కలిసినవి. 1975లో హుడా వచ్చినది. 1980ల ఆరంభంలో పాతబస్తీ అభివృద్ధి కోసం కులీ కుతుబ్ షా పట్టణాభివృద్ధి సంస్థ వచ్చినది. 1989లో మంచినీళ్లు, మురుగునీళ్లు చూడడానికి వేరే బోర్డు ఏర్పడినది. 2008లో హుడా పోయి హెచ్.ఎం.డి.ఎ. వచ్చినది. కరెంటు వేరు, టెలిఫోను వేరు, ఇప్పుడు గ్యాసు గొట్టం, ఇంటర్నెట్ తీగ కూడా వేరు. ఒక్కొక్క సంస్థకూ ఒక్కొక్క అవసరం ఉన్నది, కాదనను. కాని గల్లీ మాత్రం ఒక్కటే.

ఫలితం అందరికీ తెలిసినదే. రోడ్డు వేసిన నెలలోనే నీళ్ల పైపు కోసం ఒకరు తవ్వుతారు. దాన్ని మట్టితో పూడ్చి పోతారు. మరునాడు కేబుల్‌వాళ్లు వస్తారు. తవ్విన గుంతను పొరలు పొరలుగా నింపి, నీళ్లు చల్లి, దిమ్మిస చేసి, పైన మళ్లీ అతుకు వేయాలని నియమం. వదులు మట్టి పోసి పోతే మొదటి వానకే అది కుంగి, అక్కడ నీళ్లు నిలిచి, చుట్టూ ఉన్న మంచి రోడ్డును కూడా తినేస్తుంది. డాంబరుకు పరమ శత్రువు నిలిచిన నీరు. కంకర నుంచి డాంబరును విడదీసేది అదే.

2019-20 కాలంలో నగరంలోని 709 కిలోమీటర్ల ప్రధాన రోడ్ల నిర్వహణను ఐదేళ్ల పాటు ప్రైవేటు సంస్థలకు అప్పగించారు. ఐదేళ్లూ బాగు చేసే బాధ్యత కూడా రోడ్డు వేసినవాడికే ఉండాలన్న ఆలోచన మంచిదే. వేసి బిల్లు తీసుకొని పోయేవాడికీ, ఐదేళ్లు కాచుకోవలసినవాడికీ తేడా ఉంటుంది కదా! కాని అది పెద్ద రోడ్లకు. మన గల్లీలు ఆ లెక్కలోకి రాలేదు.

రోడ్డు మిట్ట, ఇల్లు పల్లం

ఇప్పుడు అసలు బాధకు వస్తున్నాను. పాతబస్తీలో ఏ పాత గల్లీలోకైనా వెళ్లి చూడండి. ఒకప్పుడు మూడు మెట్లు ఎక్కి ఇంట్లోకి పోయేవారు. తరువాత రెండు, తరువాత ఒకటి. ఇప్పుడు కొన్ని ఇళ్లలోకి మెట్టు దిగి పోవలసి వస్తున్నది. ఇల్లు కుంగిపోయిందా? లేదు. రోడ్డు పైకి లేచింది.

లెక్క చూద్దాం, లెక్కల మాస్టారు కాకపోయినా చేయగలిగిన లెక్కే. పాత రోడ్డును గీకకుండా దాని మీదనే ఐదేళ్లకొకసారి రెండంగుళాల పొర వేశారనుకోండి. ముప్పయి ఏళ్లలో ఆరు పొరలు, అంటే పన్నెండు అంగుళాలు, నిండు అడుగు. ఆరంగుళాల మెట్టు లెక్కన రెండు మెట్లు మింగేసినట్లే. అదే సిమెంటు రోడ్డయితే ఒక్క విడతకే నాలుగు నుంచి ఆరంగుళాలు లేస్తుంది.

ఈ అడుగు ఎత్తు ఎవరి జేబులోంచి వస్తున్నది? డబ్బున్నవాడు ఇల్లు పడగొట్టి, పునాది లేపి, కొత్తగా కట్టుకుంటాడు. లేనివాడు గడపకు అడ్డంగా ఇటుకల కట్ట కట్టుకుంటాడు. వానాకాలం రాత్రుళ్లు ఆ ఇంటి ఆడవాళ్లు బియ్యం డబ్బాలు, పిల్లల పుస్తకాలు మంచం మీదికి ఎక్కించి కూర్చుంటారు. కట్ట దాటి వచ్చిన మోరీ నీళ్లను చెంబులతో తోడిపోస్తారు. మరునాడు పిల్లవాడు బడికి రాడు, వచ్చినా తడిసిన పుస్తకాలతో వస్తాడు. ఇంటి నేల ఎత్తు చేయడానికి కొందరు అప్పు చేస్తున్నారు. కూతురి పెళ్లికి దాచిన సొమ్ము మట్టి కింద పోస్తున్నారు. రోడ్డు వేసిన ఖర్చు కాగితం మీద కనబడుతుంది, ఈ ఖర్చు ఏ కాగితం మీదా కనబడదు.

2000 ఆగస్టు 24న ఒక్క రోజులో సుమారు 24 సెంటీమీటర్ల వాన కురిసి నగరం మునిగినది. 2020 అక్టోబరు 13, 14 తేదీల వాన, ఆ వారంలోనే పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగడం, హాఫిజ్ బాబా నగర్, అల్ జుబైల్ కాలనీ వంటి చోట్ల ఇళ్లు మునగడం మనందరికీ గుర్తున్నవే. అంత పెద్ద వరదకు రోడ్డు ఎత్తు ఒక్కటే కారణమనడం న్యాయం కాదు. చెరువులు, నాలాలు కుంచించుకు పోవడమే ప్రధాన కారణము. 1908లో తెగిన 221 చెరువుల సంగతి విశ్వేశ్వరయ్య గారు రాసిపెట్టినా మనం మరిచిపోయాము. అయితే మామూలు రెండు గంటల వానకు కూడా ఇంట్లోకి నీళ్లు వస్తున్నాయంటే మాత్రం, చాలా చోట్ల తప్పు మన గుమ్మం ముందరి రోడ్డు ఎత్తులోనూ మోరీలోనూ ఉన్నది.

దీనికి మందు లేకపోలేదు. కొత్త డాంబరు పొర వేసే ముందు పాత పొరను యంత్రంతో గీకి తీసివేయాలి. సిమెంటు అయితే పాతది తవ్వి, పాత మట్టం మీదనే కొత్తది వేయాలి. గీకడానికి కొంత ఖర్చు ఎక్కువ. కాని యాభై ఇళ్ల నేలలు ఎత్తు చేసుకునే ఖర్చుతో పోలిస్తే అది ఎంత?

మంచి పనిని గుర్తుపట్టడం ఎట్లా?

మన సభ్యులలో ఇంజనీర్లు కొద్దిమందే. అయినా కళ్లు అందరికీ ఉన్నవి. దేశంలో రోడ్ల పనికి ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1934లోనే స్థాపించబడినది. ఆ ప్రమాణాలలో మామూలు మనిషి చూసి తెలుసుకోగలిగినవి కొన్ని ఇక్కడ ఇస్తున్నాను.

మొదటిది వాలు. నీళ్లు జారడానికి అడుగుకు సుమారు పావు అంగుళం వాలు కావాలి. పది అడుగుల గల్లీలో నడుమ భాగం అంచుల కంటే అంగుళంపావు ఎత్తుండాలి. ఒక దారం లాగి పట్టుకుంటే చాలు, తెలిసిపోతుంది. బాగా ఇరుకు గల్లీలో నడుమనే మోరీ ఉంటే వాలు అటువైపు ఉండాలి.

రెండవది వేడి. డాంబరు కంకర పరిచేటప్పుడు సుమారు 140 డిగ్రీల వేడి ఉండాలి. 90 డిగ్రీలకు దిగేలోపు రోలరు తొక్కడం పూర్తి కావాలి. లారీలో గంటల తరబడి చల్లారిన మాలు, వానలో పరిచిన మాలు గట్టిపడదు. వేలితో గిల్లితే కంకర ఊడి వస్తుంది.

మూడవది తడి. సిమెంటు రోడ్డును వేసిన తరువాత కనీసం 14 రోజులు తడిపి ఉంచాలి. గోనె పట్టాలు కప్పో, మట్టి కట్టలు కట్టి నీళ్లు నిలిపో ఉంచాలి. పోసేటప్పుడు పని సులువవుతుందని నీళ్లు ఎక్కువ కలిపితే బలం పోతుంది, పోసిన తరువాత నీళ్లు పట్టకపోతే పగుళ్లు వస్తవి. పోసేటప్పుడు తక్కువ, పోసిన తరువాత ఎక్కువ, ఇది మన ఇళ్లలో స్లాబు వేయించిన ప్రతివారికీ తెలుసు. రోడ్డుకూ అదే సూత్రము. ఇక్కడ ఇంటివారికి కూడా బాధ్యత ఉన్నది. రెండో రోజే బండి నడిపించుకుపోతే తప్పు కాంట్రాక్టరుది ఎట్లా అవుతుంది?

నాలుగవది మ్యాన్‌హోలు మూత. అది రోడ్డు మట్టానికి సమానంగా ఉండాలి. లోపలికుంటే గుంత, పైకుంటే దెబ్బ.

మన కర్తవ్యం

ఆరాయిష్-ఎ-బల్దా నాటి ప్రజలకు లేనివి మనకు ఉన్నవి. ఓటు ఉన్నది. 1993 జూన్ నుండి అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పెద్ద నగరాలలో వార్డు కమిటీలు ఉండాలని చెప్పినది. 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉన్నది. ఆ చట్టం కాగితాల నకళ్లకే అనుకుంటారు చాలామంది. సెక్షన్ 2(జె) ప్రకారం జరుగుతున్న పనిని తనిఖీ చేయడానికి, వాడిన సామాను నమూనాను ధ్రువీకరించి తీసుకోవడానికి కూడా పౌరునికి హక్కు ఉన్నది. పది రూపాయల ఫీజుతో అర్జీ పెడితే ముప్పయి రోజులలో జవాబు రావాలి. మన గల్లీ రోడ్డు ఎస్టిమేటు ఎంత, మందం ఎంత అని రాశారు, కొలతల పుస్తకంలో ఎంత ఎక్కించారు, పాడైతే కాంట్రాక్టరు ఎన్నాళ్ల దాకా బాగుచేయాలి, ఈ నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు.

ఈ సందర్భంగా సంఘం ముందు కొన్ని సూచనలు ఉంచుతున్నాను.

ఒకటి, ప్రతి గల్లీలో మస్జిదు గోడ మీదనో, బడి గోడ మీదనో నేటి రోడ్డు మట్టానికి ఒక గీత గీసి, తేదీ వేయాలి. పక్కన మెట్ల సంఖ్య కూడా రాసి, ఒక ఫోటో తీసి సంఘం దఫ్తరులో భద్రపరచాలి. రేపు ఎవరైనా పాత రోడ్డు మీద పొర వేయడానికి వస్తే "ఈ గీత దాటవద్దు" అని చూపించవచ్చు. నోటిమాటకు జవాబు ఉంటుంది, గోడ మీది గీతకు జవాబు ఉండదు.

రెండు, "రోడ్డు కావాలి" అన్న అర్జీ మానివేసి, "ముందు మోరీ, పైపు, తరువాత పాత మట్టం మీదనే రోడ్డు" అని రాయాలి. ఎన్నికల ముందు హడావిడిగా పడే రోడ్డు కంటే ఆరు నెలలు ఆలస్యంగా వరుస ప్రకారం పడే రోడ్డు మేలు.

మూడు, పని జరిగే రోజులలో గల్లీకి ఇద్దరు చొప్పున యువకులు నిలబడి చూడాలి. గొడవ పడడానికి కాదు, కూలీలకు చల్లని నీళ్లు ఇచ్చి, కొలత చూసి, రాసుకోవడానికి. ఎండలో డాంబరు పొగ మింగే కూలీది తప్పు కాదని గుర్తుంచుకోవాలి.

నాలుగు, మన ఇంటి ముందు మనం చేసేది కూడా చూసుకోవాలి. గల్లీలోకి రెండడుగులు ముందుకు తెచ్చి ర్యాంపు కట్టేవారు కొందరు, మోరీ మీద చబుత్రా వేసేవారు కొందరు, ఇల్లు కట్టగా మిగిలిన మలబా రాత్రికి రాత్రి నాలాలో పడేసేవారు కొందరు. ఆ మలబా తీయడానికి మరొక బీదవాడు ప్రాణాలకు తెగించి మ్యాన్‌హోలులోకి దిగవలసి వస్తున్నది. 2013 చట్టం ఆ పనిని నిషేధించినది, కాని మనం మలబా వేయడం మానితేనే ఆ చట్టానికి బలం వస్తుంది. పొరుగువాని హక్కును గురించి జుమా ఖుత్బాలలో వింటూనే ఉన్నాము. మన ర్యాంపు వల్ల పొరుగువాని ఇంట్లోకి నీళ్లు పోతే ఆ హక్కు ఏమైనట్లు?

ఐదు, ఇది ఒక్క ముస్లింల సమస్య కాదు. మన గల్లీ చివర యాదవుల ఇల్లు, దాని పక్కన పద్మశాలీల ఇల్లు ఉంటే వాన నీళ్లు ఎవరి కులమూ మతమూ అడిగి రావు. అర్జీ మీద వారి సంతకాలు కూడా ఉండాలి, గీత గీసేటప్పుడు వారూ ఉండాలి. 1908లో ఆ చింతచెట్టు తన కొమ్మలు పట్టుకున్నవారిని ఎవరివారని అడగలేదు.

సభ్యులారా! మన పెద్దలు మనకు చార్మినారు ఇచ్చారు, పురానా పూల్ ఇచ్చారు, రెండు సాగరాలు ఇచ్చారు. మన పిల్లలకు మనం కనీసం నీళ్లు నిలవని గల్లీ ఒక్కటి ఇవ్వలేమా? గొప్ప గొప్ప పథకాల సంగతి తరువాత చూద్దాం. వచ్చే వానాకాలానికి ముందే ప్రతి గల్లీలో ఒక గోడ మీద ఒక గీత పడాలి. ఆ పని ఖర్చు ఒక సుద్దముక్క, ఒక పూట శ్రమ. మిగిలినదంతా ఆ గీతను పట్టుకొని వదలకపోవడంలోనే ఉన్నది.

అల్లాహ్ మన మొహల్లాను, మన నగరాన్ని ఆపదల నుండి కాపాడుగాక. మంచిపనికి మనందరికీ తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఆమీన్.